రావమ్మ పెట్టల కాళ్లు

గంప ఎత్తగానే లోపలి పెట్ట బయటికి రావాలనుకుంది. రెండడుగులు వేసింది. నిజానికి అవి అడుగులు కావు. వేళ్లు వెనక్కి మడతపడి, కణుపులతో నేలను గీరుకుంటూ సాగిన రెండు ప్రయత్నాలు. తరువాత రెక్కలు నేలకు ఆనించి, కూర్చోవడమే తన ఉద్దేశం అన్నంత హుందాగా కూర్చుండిపోయింది.

మనోజ్ఞ దాని ముందు గొంతుకూర్చుని చూస్తోంది. పామర్రుకు కాలవ అవతల ఉన్న ఆ ఊరికి ఆమె విజయవాడ నుంచి ఆ ఉదయమే వచ్చింది. వీధిలో పోలీసు జీపు ఉంది. జీపులో, మహిళా కానిస్టేబుల్ పక్కన, తెరేసమ్మ ఉంది. అరవై దాటిన మనిషి. పూలనారు పెంచి అమ్ముకుని బతుకుతుంది. సాయంత్రంలోగా ఆమెను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. పక్కింటి రావమ్మ కోళ్లకూ, రావమ్మ భర్త బసవయ్యకూ విషం పెట్టిందని అభియోగం. తెరేసమ్మ కూతురు దీవెన విజయవాడలో నర్సు. మనోజ్ఞ దగ్గరికి వచ్చి ఆమె అడిగింది ఒక్కటే: "మా అమ్మ జైలు మెట్లెక్కితే మళ్లీ దిగదండీ. ఈలోపే ఏదన్నా చెయ్యండి."

కోళ్లు మంగళవారం పడిపోయాయి. బుధవారం బసవయ్య తన చేపల చెరువు గట్టు మీద పడిపోయాడు. ఇప్పుడు ఆసుపత్రిలో, నడుము కింద కాళ్లున్నాయో లేవో తెలియని స్థితిలో ఉన్నాడు. ఈ రెండింటికీ ముందు, సోమవారం నాడు, తెరేసమ్మ తన చేమంతి మడిని కెలికిన పెట్టను ఎత్తి పట్టుకుని వీధంతా వినేటట్టు అన్న మాట ఉంది. "ఇంకోసారి నా మడిలో కాలు పెడితే మందు పెట్టి చంపుతా." కాలు పెడితే అంది, కాళ్లే పడిపోయాయి. ఊరికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

"ఏమంటోంది డిటెక్టివ్ గారూ? వాంగ్మూలం ఇచ్చిందా కోడి?"

మనోజ్ఞ తల తిప్పలేదు. ఆ గొంతు ఎవరిదో తెలియడానికి ఆమెకు చూపు అవసరం లేదు. సి.ఐ. లక్ష్మీకాంత్. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరారు. ఆమె ఉద్యోగం వదిలి విజయవాడలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అతను ఉండి, ఎదిగాడు. తలుపు మూసింది తానే అయినా, లోపలి గదిలో దీపం వెలుగుతూ ఉండటం మనిషి క్షమించలేడు.

ఆమె చూపు అతని బూట్ల మీద పడింది. శిక్షణ రోజుల్లో అతని బూట్ల మెరుపు మొత్తం బ్యాచ్‌కే సామెతగా ఉండేది. ఈ రోజు కుడి బూటు ముక్కు దగ్గర పాలిష్ లేచిపోయి, తోలు తెల్లగా గీరుకుని ఉంది. మనోజ్ఞకు లోపల ఒక చిన్న సంతోషం కదిలింది. వెంటనే ఆ సంతోషాన్ని ఆమె గుర్తుపట్టింది, దాని పేరు కూడా తెలుసు. గుర్తుపట్టినా అది పోలేదు.

"ఏం మందు పెట్టిందంటావు, లక్ష్మీకాంత్?"

"గుళికలు. వరికి వేసేవి. ఊళ్లో ఏ ఇంట్లో చూసినా దొరుకుతాయి."

"గుళికలు తిన్న కోడి పూట తిరక్కుండా పోతుంది. ఇవి మంగళవారం పడ్డాయి, ఇవాళ గురువారం. మెడ ఎత్తి నన్ను చూస్తోంది."

"మోతాదు తగ్గుంటుంది."

"తెగులయ్యుంటుంది. కొక్కెర తెగులుకి కాళ్లు పడిపోతాయి."

"బసవయ్యకి కూడా కొక్కెర తెగులేనా?"

అతని వెనక ఉన్న కానిస్టేబుల్ నవ్వు దగ్గుగా మార్చుకున్నాడు. లక్ష్మీకాంత్ నవ్వలేదు, నవ్వనవసరం లేనివాడి నిదానం అతనిది. "కోళ్లనీ మనిషినీ పడేసింది ఒకటే, మనోజ్ఞా. ఒకటే విషం. ఆ మాట నేనన్నాను కాబట్టి నీకు నచ్చట్లేదు."

ఆ మాట సూటిగా తగిలింది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే, కూర్చున్న పెట్ట వీపు మీదికి దాని పిల్ల ఒకటి ఎక్కి, అటువైపు దూకి పరుగెత్తింది. ఇంకో నాలుగు పిల్లలు దాన్ని తరిమాయి. నెలో, నెల పైనో వయసున్న పిల్లలు. ఒక్కదాని కాలూ తడబడటం లేదు. మిగిలిన మూడు గంపల కింద మూడు పెట్టలు ఇలాగే కూలబడి ఉన్నాయి; పిల్లలు మాత్రం పెరడంతా తమదే అన్నట్టు తిరుగుతున్నాయి. ఏ తెగులైనా ముందు పిల్లల్ని తీసుకుపోతుంది. తల్లుల్ని కూల్చి పిల్లల్ని వదిలే తెగులు లేదు.

తెగులు కాదు. విషమే. లక్ష్మీకాంత్ చెప్పింది నిజం. గత అరగంటగా తాను వెతికింది సత్యాన్ని కాదనీ, అతని పొరపాటుననీ మనోజ్ఞకు అర్థమైంది. ఆరు శత్రువుల్లో మాత్సర్యాన్ని పెద్దలు చివర ఎందుకు పెట్టారో ఆమెకు చాలాకాలం తెలియలేదు. మిగతా ఐదింటినీ గెలిచామనుకున్నవాడి ఇంట్లో అది అద్దెకు దిగుతుంది కాబోలు.

ఆమె పెట్టను ఒళ్లోకి తీసుకుని, కాలి వేళ్లు విప్పి చూసింది. కణుపుల పైన పుండ్లున్నాయి. అయితే పచ్చి పుండ్లు కావు. నల్లగా పక్కు కట్టి, అంచులు ఎండి లేస్తున్నాయి. రొమ్ము కింద ఈకలు అరిగిపోయి, చర్మం కాయ కాసినట్టు గట్టిపడింది. రెండో పెట్టను చూసింది. మూడోదాన్ని, నాలుగోదాన్ని చూసింది. నాలుగింటికీ ఒకటే చోట, ఒకటే వయసు పుండ్లు.

"రావమ్మ గారూ, ఒక్కసారి ఇలా రండి," అంది.

రావమ్మ వసారా స్తంభం పక్కనుంచి లేచి వచ్చింది. యాభై అయిదేళ్ల మనిషి. రెండు రోజుల ఏడుపు ఎండిన ముఖం. ఆసుపత్రి నుంచి బట్టల కోసం వచ్చి, పోలీసుల కోసం ఆగింది.

"ఇవి ఎప్పుడు పడ్డాయండీ?"

"సి.ఐ. గారికి చెప్పానుగా అమ్మా. మంగళవారం పొద్దున గంపలెత్తేసరికి అన్నీ ఇట్టాగే పడున్నాయి."

"సోమవారం?"

"సోమారం బంగారంలా తిరిగినయ్యి."

"తెరేసమ్మ మడి కెలికిన పెట్ట ఏది?"

"నీ చేతిలోదే."

"సోమవారం తెరేసమ్మ దీన్ని చేత్తో పట్టుకుంది. వీధంతా చూశారు. మీరు చెప్పండి, మీ నాటు పెట్టని ఆరుబయట, పట్టపగలు, అరవై దాటిన మనిషి పరుగెత్తి పట్టుకోగలదా? మీకే చిక్కుతుందా అది?"

రావమ్మ చూపు నేలకు దిగింది. లక్ష్మీకాంత్ రెండడుగులు దగ్గరికి వచ్చాడు.

"ఇటు చూడండి," మనోజ్ఞ గొంతు తగ్గించింది. "బంగారంలా తిరిగిన కాలికి రాత్రికి రాత్రి పుండు పడి, పక్కు కట్టి, ఊడటానికి కూడా సిద్ధమవుతుందా? ఇవి సోమవారానికి ముందే ఈడుస్తున్నాయి. ఎప్పటి నుంచి?"

రావమ్మ ఆ పెట్ట వీపు నిమిరింది.

"శుక్రవారం నించి," అంది రావమ్మ. "తూలుకుంటా నడిచినయ్యి. ఎవరి కన్నో పడిందనుకున్నా. దిష్టి సంగతి పైకి చెబితే ఇంకా ముదురుద్దని ఊరుకున్నా. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేశా. ఘాటు కూడా రాలా."

"మరి మంగళవారం అని ఎందుకు చెప్పారు?"

"ఆవిడ మడి చూశావా నువ్వు?" రావమ్మ మొదటిసారి తలెత్తింది. "ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తది. వీధిన పోయే ప్రతివాడూ ఆ గోడ దగ్గర ఆగి, ఆహా తెరేసమ్మా, ఓహో తెరేసమ్మా. గోడకి ఇవతల నేనూ ఉన్నా. నాకు పిల్లా లేదు, మొక్కా బతకదు. ఉన్నయ్యి కోళ్లే. అవి కూడా పడిపోయినాయి. ఇదంతా ఆవిడ పనే అని అంటే, కాదని చెప్పటానికి నాకు నోరు రాలేదమ్మా. శుక్రవారం అంటే ఆవిడ తప్పించుకుంటది. అందుకే మంగళారం అన్నా."

"ఎవరన్నారు, ఆవిడ పనేనని?"

"మా బావగారు. రామకోటేశ్వరరావు గారు."

బసవయ్య పెదనాన్న కొడుకు రామకోటేశ్వరరావు. ఊళ్లో నూనె గానుగ ఆయనదే. ఉదయం మనోజ్ఞ కారు దిగగానే, సి.ఐ. గారు ఎక్కడున్నారో ఆమె అడగకముందే చెప్పింది ఆయనే.

"అయితే శుక్రవారమే పెట్టిందనుకో," అన్నాడు లక్ష్మీకాంత్. "సోమవారం నోరు జారింది. దీంతో నువ్వు సాధించిందేమిటి?"

"ఇప్పటికి నీ సాక్షి అబద్ధం చెప్పిందని. మిగతాది డాక్టరు చెప్పాలి."

ఆమె పెరటి మూలకు నడిచి, విజయవాడలో కోళ్ల జబ్బులు చూసే డాక్టర్ సబీహాకు ఫోను చేసింది. సబీహా ఎప్పటిలాగే సమాధానాలకు ముందు ప్రశ్నలే అడిగింది. మెడ నిలబడుతోందా? నిలబడుతోంది. తింటున్నాయా? ముందు పెడితే తింటున్నాయి. పిల్లలు? పరుగెడుతున్నాయి.

"పిల్లలూ అదే తిండి తిన్నాయా?"

"ఒకే పెరడు. తినే ఉండాలి."

"మనోజ్ఞా, నేను పుస్తకంలోనే చూశాను దీన్ని, కంటితో చూడలేదు. కొన్ని యంత్రాల్లో వాడే నూనెల్లో ఒక రకం విషం ఉంటుంది. వాసన ఉండదు, రుచి ఉండదు. తిన్న రోజు కడుపులో కాస్త తిప్పుతుందేమో, అంతే. పది రోజులో, రెండు వారాలో పోయాక నరాలు చచ్చి కాళ్లు పడిపోతాయి. పెద్ద పెట్టలకే పడతాయి, పిల్లలకు పట్టదు. అందుకే ప్రయోగశాలల్లో ఈ విషాన్ని ఎలుకల మీద కాకుండా పెట్టల మీద పరీక్షిస్తారు. ఎలుకకు కానిది కోడికి అవుతుంది. మనిషికీ అవుతుంది."

"మనిషిలో ఎలా మొదలవుతుంది?"

"పిక్కల్లో నొప్పి, తిమ్మిరి. తరువాత పాదం ముందు భాగం పైకి లేవదు. నడుస్తుంటే చెప్పు జారిపోతుంది, తెలియదు. ఎవరికి?"

"ఆసుపత్రిలో ఒకాయన ఉన్నాడు. అక్కడి డాక్టర్లకు నువ్వే ఫోను చెయ్యి. ఇప్పుడే."

ఆమె తిరిగి వచ్చేసరికి లక్ష్మీకాంత్ వసారా అరుగు మీద కూర్చుని, ఏ తొందరా లేనివాడిలా పిక్కలు ఒత్తుకుంటున్నాడు. మనోజ్ఞ రావమ్మ పక్కన కూర్చుంది.

"శుక్రవారం వదిలేయండి. దానికి ముందు, ఇంకా ముందు, మీ ఆయనా ఈ పెట్టలూ ఒకటే వంటకం తిన్నది ఎప్పుడు?"

రావమ్మ ఆలోచించలేదు. వెంటనే సి.ఐ. వైపు చూసింది. "సార్ గారి భోజనం నాడు. గారెలు. మూడు శనివారాలయ్యింది."

ఆ భోజనం గురించి మనోజ్ఞకు ఎవరూ చెప్పనవసరం లేదు. ఈ ఊరి చెరువుల మీద మోటార్లు చోరీ అయితే దొంగ జాడ పట్టింది ఆమె. ఆ జాడ మీద వెళ్లి దొంగను పట్టుకుంది లక్ష్మీకాంత్. పేపర్లో ఫొటో అతనిది. ఊరు కృతజ్ఞతగా పెట్టిన భోజనమూ అతనికే. ఆమెను పిలవలేదు. ఎవరో పంపిన ఫొటోను ఆ రోజు ఫోనులో ఎన్నిసార్లు చూసిందో ఆమెకే సిగ్గు. మూడు అరిటాకులు. నాటుకోడి పులుసు, గుట్టగా గారెలు. మధ్యలో అతని నవ్వు.

"గారెలు మిగిలాయా?"

"మిగిలినయ్యి. మర్నాటికి గట్టిపడితే నలిపి పెట్టలకేశా. నాకేమో పన్ను పీకించుకుని దవడ వాచి ఉంది, మజ్జిగన్నమే. ఆయనకి గారెలంటే ప్రాణం, రాత్రికి కూడా అవే తిన్నారు."

"ఆ నూనె ఎక్కడిది?"

"బావగారు పంపారు. గానుగ నూనె, స్వచ్ఛమైందని." ఆమె ఒక క్షణం ఆగి, తనలో తాను చెప్పుకుంటున్నట్టు అంది. "ఊరికి ఏ ఆఫీసరొచ్చినా వాళ్లింటోనే భోజనం. మా మామగారి కాలం నించీ అంతే. ఈసారి మావారు చెరువుల సంఘానికి ప్రెసిడెంటని మా ఇంట్లో పెట్టమన్నారు. బావగారికి కష్టం తోస్తుందని నేను భయపడ్డా. ఆయన పెద్దమనసు చేసుకుని నూనె పంపారు, కూర్చున్నారు కూడా."

"కూర్చున్నారు. తిన్నారా?"

రావమ్మకన్నా ముందు ఫొటోయే జవాబు చెప్పింది. మూడు ఆకుల్లో మూడోది. అసూయతో చూసిన చూపు దేన్నీ మరిచిపోదు. ఆ ఫొటోలో ప్రతి అంచూ మనోజ్ఞకు కంఠతా వచ్చు. మూడో ఆకు ముందు రామకోటేశ్వరరావు. ఆకు ఖాళీ. పక్కన మజ్జిగ గ్లాసు.

"శనివారం ఒక్కపొద్దన్నారు," అంది రావమ్మ.

విందుకు పిలుపు రాని మనిషి బాధ ఎంత లోతో మనోజ్ఞ కొలిచి ఉంది. తన ఇంట జరగవలసిన విందులో, మరొకరి వసారాలో, అతిథిలా కూర్చోబెట్టబడ్డ మనిషి బాధ దానికి ఇంకో నిలువు కింద ఉంటుంది. చంపాలనుకుని ఉండడు. గౌరవ అతిథి ఆ పూటే కడుపు పట్టుకుని లేస్తే, బసవయ్య ఇంటి భోజనం పదేళ్లు పరిహాసం అవుతుందని మాత్రమే అనుకుని ఉంటాడు. ఎవరికీ ఏమీ కాకపోయేసరికి నిరాశ పడి ఉంటాడు కూడా. అతని మనసులో ప్రతి గదీ ఆమెకు తెలిసినదే. ఒక్క గది తలుపు మాత్రమే ఆమె తెరవలేదు.

"నూనె డబ్బా ఉందా?"

"మర్నాడే పట్టుకెళ్లారు. గానుగకి డబ్బాలు చాలట్లేదని."

"గారెలు వేగాక మూకుట్లో మిగిలిన నూనె?"

రావమ్మ ఆమెను వింతగా చూసింది. "పారబోస్తారా ఎవరన్నా? వడగట్టి గిన్నెలో పోసి అటక మీద పెట్టా. నా పంటి బాధతో మళ్లీ తీయలా."

వంటింటి గడప దాటని మగవాడు డబ్బా సంగతి గుర్తుపెట్టుకుంటాడు, గిన్నె సంగతి ఊహించలేడు. మనోజ్ఞ స్టూలు వేసుకుని మూత పెట్టిన స్టీలు గిన్నెను కిందికి దించింది. బయటికి తెచ్చి అరుగు మీద, లక్ష్మీకాంత్ పక్కన పెట్టింది. చెప్పవలసింది నాలుగు మాటల్లో చెప్పింది. అతను అడ్డు రాకుండా విన్నాడు. వినడం కూడా అతనికి బాగా వచ్చు. అదీ ఆమె ఓర్వలేని విషయమే.

"రామకోటేశ్వరరావు," అన్నాడు చివరికి. "పది ఊళ్లకు పెద్దమనిషి. నేను ఈ కేసు మీద నిన్నటి నుంచి ఆయనింట్లోనే ఉంటున్నాను."

"తెలుసు."

"నువ్వు ఆ భోజనం మీద ఇంకా మనసు కష్టపెట్టుకునే ఉన్నావా, మనోజ్ఞా?"

"ఉన్నాను," అంది. అబద్ధం చెప్పడానికి అది సమయం కాదు. "ఉన్నాను కాబట్టే ఆ ఆకు ఖాళీగా ఉందని నాకు తెలుసు. గిన్నె ల్యాబుకి పంపు. తెరేసమ్మను వదిలెయ్యి."

"గిన్నె పంపిస్తాను. రిపోర్టు వచ్చేదాకా తెరేసమ్మ రిమాండ్‌లో ఉంటుంది. కక్ష ఉంది, బెదిరింపు ఉంది, పక్కిల్లు. నీ దగ్గర ఏముంది? ఒక కోడి పుండు, ఒక ఫొటో."

వీధి గేటు కిర్రుమంది. తెల్లని పంచె, భుజాన కండువా, చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీతో రామకోటేశ్వరరావు లోపలికి వచ్చాడు. జీపులో ఉన్న మనిషిని చూడకుండా దాటి వచ్చిన నడక ఆయనది.

"భోజనం ఇక్కడికే పట్టుకొచ్చేశాను సార్. ఎండలో మళ్లీ మా ఇంటిదాకా ఎందుకు మీకు శ్రమ. పాపం ఈ ఇంట్లో పొయ్యి వెలిగే పరిస్థితి లేదు గదా." తరువాత రావమ్మ వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వు కూడా రెండు ముద్దలు తిను. మా వాడికి ఎట్లా ఉంది?"

"అట్టాగే ఉంది బావగారూ," అంది రావమ్మ. ఆమె కళ్లు గిన్నె మీదే ఉన్నాయి.

"పెట్టిన చెయ్యి పడిపోను. పదండి సార్, గారెలు వేడిగా ఉన్నయ్యి."

లక్ష్మీకాంత్ అరుగు మీంచి లేచి, మెట్టు దిగి, ఆయనకు ఎదురు నడిచాడు. కుడి బూటు ముక్కు మెట్టు అంచుకు తగిలి రాతి మీద గీరుకుంది. తరువాతి అడుగులో మళ్లీ గీరుకుంది.

ఆ చప్పుడు మనోజ్ఞ ఉదయం విన్నదే. గంప ఎత్తినప్పుడు పెట్ట కణుపులు నేల మీద చేసిన చప్పుడు.

ఉదయం ఆ బూటును ఆమె చూసింది. అందరికన్నా ముందు చూసింది, స్పష్టంగా చూసింది, చూసి సంతోషించింది. ఆ సంతోషమే చూపు ముందుకు పోకుండా ఆపింది. కోడి కాలిని ఒళ్లో పెట్టుకుని వేలు వేలూ విప్పి చదివిన మనిషి, పక్కన నిలబడ్డ మనిషి కాలిని చదవలేదు.

ఈ నిజం తెలిసినది ఈ పెరట్లో తానొక్కతే. నోరు మెదపకుండా ఉండటానికి ఏ ప్రయత్నమూ అక్కరలేదు. అతను నడుస్తాడు, కొన్నాళ్ల తరువాత నడవడు. ఆమె ఆ ఆలోచన ముఖంలోకి చూసింది. అది తన ఆలోచనే. రామకోటేశ్వరరావు నూనెలో ఏదో కలిపిన పూట ఆయన ఎదుట నిలిచింది కూడా ఇలాంటి ముఖమే అయ్యుంటుంది. ఆమె తెరవని ఆ ఒక్క గది తలుపు ఇప్పుడు తెరిచే ఉంది.

"లక్ష్మీకాంత్, ఆగు."

అతను ఆగాడు.

"ఆ రోజు గారెలు ఎన్ని తిన్నావు?"

"రెండు. ఒళ్లు వస్తుందని మానేశాను. ఎందుకు?"

"మడమల మీద నిలబడు. వేళ్లు పైకి లేపి."

"డ్రిల్లా ఇప్పుడు?"

"డ్రిల్లే. నిలబడు."

అతను కానిస్టేబుల్ వైపు చూసి కన్ను గీటాడు. నడుం మీద చేతులు పెట్టుకున్నాడు, శిక్షణ మైదానంలో నిలబడ్డ కుర్రవాడిలా. ఎడమ బూటు ముక్కు నేల నుంచి కాస్త లేచి దిగింది. కుడిది లేవలేదు. అతను కిందికి చూసుకుని మళ్లీ ప్రయత్నించాడు. తొడ బిగిసింది, మోకాలు వణికింది. బూటు నేలకు మేకు కొట్టినట్టు ఉండిపోయింది. పెదవుల మీది నవ్వుకు ఆ సంగతి తెలియడానికి ఇంకొంచెం సమయం పట్టింది.

"నాలుగు రోజుల నుంచి తిమ్మిరిగా ఉంది," అన్నాడు మెల్లగా. "కొత్త బూట్లు కరిచాయనుకున్నాను."

ఆమె వెళ్లి అతని మోచేయి పట్టుకుంది. అతను చేయి విడిపించుకోలేదు.

"తెరేసమ్మ గారిని జీపు దించండి," అన్నాడు లక్ష్మీకాంత్, కానిస్టేబుల్ వైపు తిరగకుండానే. "ఆ క్యారేజీ ఎవరూ ముట్టుకోవద్దు. గేటు వెయ్యండి."

గేటు పడిన చప్పుడుకు రావమ్మ ఉలికిపడింది. కానిస్టేబుల్ సి.ఐ. ముఖంలోకి చూస్తున్నాడు, రావమ్మ చూస్తోంది, మనోజ్ఞ చూస్తోంది. రామకోటేశ్వరరావు ఒక్కడే ఆ ముఖం చూడలేదు. గేటు దాటి లోపలికి వచ్చింది మొదలు, ఆయన చూపు అతని బూట్ల మీదే ఉంది.